గట్టి అని రాశాను

మా బావ మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోలేదు. ముందు కుర్చీ కాలిని వేలి కణుపుతో మూడుసార్లు తట్టి, తల వంచి విన్నాడు. తర్వాత బల్లని తట్టాడు. ఆ తర్వాత గుమ్మాన్ని. అక్కని చేసుకుంటానని మాట్లాడటానికి వచ్చిన మనిషి ఇలా ఇల్లంతా తట్టుకుంటూ తిరుగుతుంటే, "ఈయన వచ్చింది పిల్ల కోసమా, ఇల్లు కొనడానికా?" అని నాన్న అమ్మ చెవిలో అడిగాడు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని మర్యాదగా నిలబడ్డాను. బావ నా దగ్గరికి వచ్చి, నా తలకాయ మీద కూడా మూడుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఇదొక్కటే డొల్ల," అన్నాడు. "మిగతా ఇల్లంతా గట్టిగానే ఉంది."

అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వుతోనే పెళ్ళి ఖాయమైంది. కాబట్టి ఆ సంసారం నా తలకాయ మీద నిలబడిందని నేను ఇప్పటికీ చెప్పుకుంటాను. అవతలివాళ్ళు ఎవరూ ఒప్పుకోరు.

తట్టి వినడం బావ ఉద్యోగం. ఊరి చివర పెద్ద చెట్ల తోట ఉంది. గేటు మీద బోర్డులో వృక్షోద్యానవనం అని ఉంటుంది గానీ, అంత పొడుగు మాట పలికే ఓపిక లేక అందరం తోట అనే అంటాం. ఎక్కడెక్కడి దేశాల నుంచో మొక్కలు తెచ్చి నాటి, వాటిని నూరేళ్ళుగా పెంచుతున్నారు. వాటిలో దారుల పక్కనా, రోడ్డు మీదికీ వంగి ఉన్న పెద్ద చెట్లు రెండువందల ముప్పై. ఏటా చలికాలంలో ఆకులు రాలిపోయాక ఆ రెండువందల ముప్పైని చెక్క సుత్తితో కొట్టి, లోపల బాగున్నాయో లేదో చెప్పడం బావ పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని.

చెట్టుకి లోపల జబ్బు చేస్తే బయటికి తెలియదు. ఆకులు బాగానే వేస్తుంది, పూలు బాగానే పూస్తుంది. లోపల మాత్రం కర్ర పుచ్చి, పొడై, ఖాళీ అయిపోతుంది. ఒకరోజు గాలికి పడిపోతుంది. ఒక్కోసారి గాలి కూడా అక్కర్లేదు.

"గట్టి చెట్టుని కొడితే చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోతుంది," అని బావ చెప్పేవాడు. "పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. డొల్ల చెట్టుని కొడితే చప్పుడు లోపలికి పోయి, కాసేపు తిరిగి, బయటికి వస్తుంది. ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టుంటుంది. లోపల ఎవరూ లేరని తలుపే చెబుతుంది."

మోకాలి ఎత్తున ఒకటి, నడుం ఎత్తున ఒకటి, భుజం ఎత్తున ఒకటి. అలా చెట్టుకి నాలుగు వైపులా. తర్వాత బెరడుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, ఒకే ఒక్క మాట. గట్టి అంటే సుద్దతో చుక్క. డొల్ల అంటే అడ్డగీత మీద అడ్డగీత, అంతే సంగతులు. ఆ చెట్టు మళ్ళీ చిగురించదు.

ఇందులో తోటకి ఒక పాత నియమం ఉంది. వినే మనిషి వేరు, పుస్తకంలో రాసే మనిషి వేరు. రాసే మనిషి పది అడుగుల దూరంలో, చెట్టుకి వీపు తిప్పి నిలబడాలి. వినే మనిషి చెప్పిన మాటే రాయాలి, సొంత అభిప్రాయం ఉండకూడదు. ఎప్పుడో ఒకాయన వినడం, రాయడం రెండూ తానే చేసేవాడట. తనకి ఇష్టమైన చెట్టుకి మనసొప్పక గట్టి అని రాసుకున్నాడట. ఆ చెట్టు ఆయన మీదే పడిందట. అప్పటి నుంచి ఈ పద్ధతి.

నేను తోట గేటు దగ్గర టికెట్లు ఇస్తాను. సోమవారం తోటకి సెలవు, నాకు పని ఉండదు. పాత రాతమనిషి పని మానేశాక, మూడు చలికాలాల క్రితం బావ ఆ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"నీ చేతిరాత బాగుంటుంది. బుర్ర ఎలాగూ వాడక్కర్లేదు. నీకోసమే పుట్టిన పని," అన్నాడు.

నిజం చెప్పొద్దూ, అప్పటిదాకా చలికాలంలో తోట అంటే నాకు విసుగు. ఆకుల్లేని మోళ్ళు చూడటానికి టికెట్టు కొనేవాళ్ళని చూసి జాలిపడేవాడిని. బావ వెంట తిరిగాక నా కళ్ళు మారాయి.

"వేసవిలో చెట్టు చొక్కా వేసుకుని ఉంటుంది. ఇప్పుడు చూడు, ఒళ్ళు కనబడుతుంది," అనేవాడు. ఒక చెట్టు బెరడు మొసలి వీపులా, ఇంకోదాని బెరడు తడిసి ఆరిన కాగితంలా పొరలు పొరలుగా. మంచులో ఎర్రగా కాలే పుల్లల్లా నిలబడ్డ పొదలు. పైన్ ఆకులు అరచేతిలో నలిపితే నారింజ తొక్క వాసన. ఒక్క ఆకు లేకుండా, గడ్డ కట్టే చలిలో పసుపుపచ్చ దారప్పోగుల్లాంటి పూలు పూసే మొండి పొద ఒకటి. కొమ్మల చివర మొగ్గలు చూపించి, "వచ్చే ఏడాది ఆకులన్నీ ఇందులో మడిచి పెట్టుకుంది. ప్రయాణానికి నెల ముందే పెట్టె సర్దుకునే మీ అక్కలాగా," అనేవాడు.

ఒకసారి నన్ను తెల్ల బెరడు చెట్టుకి చెంప ఆనించి చూడమన్నాడు. "కళ్ళు మూసుకో. కాసేపటికి వెచ్చగా తగులుతుంది." నేను రెండు చేతులతో కౌగిలించుకుని చెంప ఆనించాను. నిజంగానే వెచ్చగా ఉంది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి బావ ఎటో వెళ్ళిపోయాడు, ఎదురుగా ప్రతి ఆదివారం వచ్చే రిటైరైన మాస్టారు, ఆయన భార్య నిలబడి ఉన్నారు. ఇద్దరి చేతుల్లో నేనే ఇచ్చిన టికెట్లు.

"తొందరేం లేదు బాబూ, మీరయ్యాక మేము," అన్నారు మాస్టారు.

వారం రోజులు టికెట్ల కిటికీలోంచి తల పైకెత్తలేదు.

అలా సరదాగానే గడిచాయి రెండు చలికాలాలు. మొదటి ఏడాది నా చేత్తో ఎనిమిది డొల్లలు రాశాను. రెండో ఏడాది రెండు. మూడో ఏడాది, అంటే ఈ ఏడాది, నూటయాభై చెట్లు కొట్టేసరికి ఒక్కటీ లేదు. పుస్తకంలో పేజీ తర్వాత పేజీ గట్టి, గట్టి, గట్టి. శిక్షగా రాయించిన కాపీలా ఉంది.

"ఈ ఏడు వానలు బాగా పడ్డాయి కదా, చెట్లన్నీ బాగున్నాయి," అన్నాడు బావ.

నేనూ సంతోషించాను. కానీ పది అడుగుల దూరంలో వీపు తిప్పి నిలబడమన్నారు గానీ, చెవులు ఎటు తిప్పాలో ఎవరూ చెప్పలేదు. ఒక్కో చెట్టు దగ్గర చప్పుడు కాస్త ఎక్కువసేపు ఉన్నట్టు అనిపించేది. నాకేం తెలుసులే, టికెట్లు చింపుకునేవాడిని, అనుకుని బావ చెప్పిందే రాసేవాడిని.

గొడుగు చెట్టు దాకా అలాగే అనుకున్నాను.

తోట నడిబొడ్డున ఉంటుంది అది. దాని అసలు పేరు బోర్డు మీద రెండు వరుసల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. నలుగురు చేతులు కలిపితే గానీ అందని మాను. కొమ్మలు నాలుగు వైపులా సమానంగా పరుచుకుని, ఆకుల్లేకపోయినా బట్ట ఊడిన గొడుగులా ఉంటుంది. మొదలు చుట్టూ గుండ్రంగా చెక్క బెంచీ. చలికాలం ఆదివారాల్లో బావ జనాన్ని తోటంతా నడిపించి, చెట్లు చూపించి, చివరికి ఆ బెంచీ దగ్గర ఆపుతాడు. అక్క పెద్ద ఫ్లాస్కు తెచ్చి అక్కడే కూర్చుని అందరికీ టీ పోస్తుంది. పదేళ్ళుగా ఆమె చోటు అదే. అందరూ వెళ్ళిపోయాక కూడా చివరి కప్పు తను తాగేదాకా లేవదు.

ఆ సోమవారం పొగమంచు దట్టంగా ఉంది. నేను వీపు తిప్పి నిలబడ్డాను. బావ మోకాలి ఎత్తున కొట్టాడు.

చప్పుడు ఆగలేదు.

లోపలికి వెళ్ళింది. ఎంతో దూరం వెళ్ళి, మెట్లు దిగి, ఎవరినో వెతికి తిరిగి వచ్చినట్టు వచ్చింది. నడుం ఎత్తున కొట్టాడు. మళ్ళీ అదే. నియమం మర్చిపోయి వెనక్కి తిరిగాను. బావ బెరడుకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, నిద్రపోతున్న పిల్లవాడి ఊపిరి వింటున్నట్టు ప్రశాంతంగా ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర, బెంచీ కిందుగా, వేరు మీద అరచేతి మందాన, పుచ్చిన కర్ర మీద మొలిచే పుట్టగొడుగులు, గోడకి కొట్టిన అల్మారా పలకల్లా, మూడు.

"గట్టి," అన్నాడు బావ.

"బావా, ఇంకొక్కసారి కొట్టకూడదూ."

ఆయన పలకలేదు. సుద్దముక్క తీసి చుక్క పెట్టాడు. నేను దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి తిరిగాడు.

"నువ్విక్కడికెందుకొచ్చావ్? రాసేవాడివి రాయి."

పుస్తకం తెరిచాను. ఆయన కళ్ళల్లోకి చూస్తూ ఆ మాట అనలేకపోయాను. మీ చెవులు పోయాయి అని, చెవులు తప్ప ఇంకేమీ లేని మనిషితో ఎలా అంటాం? గట్టి అని రాశాను. నా చేతిరాత ఎప్పట్లాగే బాగానే ఉంది.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఏమిటంటే, చెవులు మందగించిన మనిషికి ప్రతి చప్పుడూ పొట్టిగా, మొద్దుగానే వినిపిస్తుంది. గట్టి చెట్టు చప్పుడు ఎలా ఉంటుందని ముప్పై ఒక్క ఏళ్ళుగా చెబుతున్నాడో, అచ్చం అలాగే. ఆయన చెవులు పోతున్నకొద్దీ తోట ఆరోగ్యం బాగుపడుతోంది.

గురువారం బావ లేని వేళ చూసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను.

"బావ చెవులు ఎలా ఉన్నాయి అక్కా?"

"ఎలా ఉంటాయి, తలకి అటొకటి ఇటొకటి ఉన్నాయి."

"అది కాదు."

అక్క కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది. "కెటిల్ ఈల వేస్తుంటే పక్కనే నిలబడి పేపరు చదువుతాడురా. నీళ్ళన్నీ ఆవిరై కెటిల్ మాడింది. ఒకటి కాదు, మూడు."

"మరి నువ్వేం చేశావ్?"

"ఈల లేనిది కొన్నాను. ఇప్పుడు ఇద్దరికీ వినపడదు. సమానం." నవ్వబోయి ఆగింది. "ఒరేయ్, రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలు. అంతవరకూ ఎవరితోనూ అనకు. ఆయనకి తెలియదనుకుంటున్నావా? తెలుసు. పొద్దున్నే పెరట్లో చెట్టుని కొట్టుకుంటూ ఉంటాడు. మళ్ళీ మళ్ళీ కొడతాడు. నేను చూడట్లేదనుకుంటాడు. ఆ సుత్తి లాగేసుకుంటే ఆ మనిషి బతకడు."

"ఆదివారం నువ్వు ఆ బెంచీ మీద కూర్చోకక్కా."

"ఏం?"

"చలి."

"చలికాలం చలి కాక ఉక్కపోస్తుందా? పో, పనికిమాలినవాడా."

ఇప్పుడు ఆ గది గుర్తొస్తే, నేను అప్పుడు చెప్పి ఉండాల్సిన మాటలు లెక్కపెడతాను. గొడుగు చెట్టు డొల్ల. మూడు మాటలు. నలభై దాటిన మగవాణ్ణి, మూడు మాటలు కూడగట్టలేకపోయాను.

దానికి బదులు శనివారం నేను చేసిన పని వింటే మీరు నవ్వుతారు. నాకు అనుమానం వచ్చింది, ఆ రోజు నేనే పొరబడ్డానేమోనని. పొగమంచులో చప్పుళ్ళు వింతగా ఉంటాయి కదా. సుత్తి బావ దగ్గర ఉంది. కాబట్టి మా వంటింట్లోంచి పెద్ద చెక్క గరిటె కోటు లోపల దాచుకుని, తోట మూసే వేళకి గొడుగు చెట్టు దగ్గరికి వెళ్ళాను. ఎండు ఆకుల మీద మంచు కరకరలాడింది. కాకులు అన్ని చెట్ల మీదా గూటికి చేరి గోల చేస్తున్నాయి. గొడుగు చెట్టు మీద ఒక్కటి కూడా లేదు.

గరిటెతో కొట్టాను. లోపలి నుంచి అదే ఖాళీ ఇల్లు పలికింది.

"ఏం చేస్తున్నారండీ?"

తోట అధికారిణి మేడమ్. తాళాల గుత్తి పట్టుకుని నా వెనకే నిలబడి ఉంది. నా చేతిలో గరిటె, ముందు చెట్టు.

"ఏం లేదు మేడమ్. మా బావ దగ్గర పని నేర్చుకుంటున్నాను."

"గరిటెతోనా?"

"ఇది చిన్న తరగతి మేడమ్. సుత్తి పెద్ద తరగతిలో ఇస్తారు."

ఆమె మనసారా నవ్వింది. "రేపు నలభై రెండు మంది వస్తున్నారు. ఈ ఏడాదికి ఇదే పెద్ద గుంపు. మీ బావగారు ఉన్నారని నాకు ధైర్యం. తోట మొత్తంలో నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టేది ఆయన పుస్తకం మీదే."

ఆమె తాళాల చప్పుడు దూరమయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ చప్పుడు ఆగేలోపు పరుగెత్తి చెప్పొచ్చు. చెబితే బావ సుత్తి పోతుంది. చెప్పకపోతే రేపు ఆ బెంచీ మీద అక్క ఉంటుంది. చీకటి పడేదాకా ఆలోచించి, రెండూ తప్పించే ఉపాయం ఒకటి కనిపెట్టాను. నా తలకాయ గురించి బావ మొదటిరోజే చెప్పాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి సామాన్ల గదిలోంచి ఆకుపచ్చ రంగు డబ్బా తీసుకెళ్ళి, గొడుగు చెట్టు బెంచీకి మందంగా రంగు వేశాను. ఆ చలికి అది సాయంత్రం దాకా ఆరదు. 'తడి రంగు, కూర్చోవద్దు' అని అట్ట మీద రాసి తగిలించాను. కూర్చోడానికి చోటు లేకపోతే జనం ఆగకుండా ముందుకు పోతారు, రేపు మాపు ఏదో ఒకటి చేద్దాం. ఇదీ నా తెలివి.

పదకొండింటికి నలభై రెండు మంది వచ్చారు. బావ ఎప్పట్లాగే ముందు నడుస్తూ కబుర్లు చెబుతున్నాడు. గాలి లేదు. ఆకాశం బూడిద రంగులో కిందికి దిగినట్టుంది. బెంచీ చూసి బావ మొహం చిట్లించాడు.

"ఈ చలిలో రంగు వేసిన మహానుభావుడు ఎవరు?"

నేను చెట్ల పైకొమ్మలు పరిశీలించాను.

జనం కూర్చోలేదు, నిజమే. కానీ ముందుకీ పోలేదు. కూర్చోడానికి లేదు కాబట్టి, వెనకవాళ్ళకి దారి ఇవ్వడానికి ఇంకా దగ్గరికి జరిగి, కొమ్మల కింద ఒకరినొకరు ఆనుకుని నిలబడ్డారు. ఇంతకుముందు చెట్టు కింద ఇరవై మంది ఉండేవారు, నా పుణ్యమా అని ఇప్పుడు నలభై రెండు మందీ ఉన్నారు. అక్క ఏదని చూస్తే, ఆమె అవతలి వైపు నుంచి వచ్చింది, అట్ట ఇవతలి వైపు ఉంది. పదేళ్ళ అలవాటుగా, చూడకుండా, తన చోట్లో కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుతోంది.

బావ మామూలుగానే గట్టి, డొల్ల తేడా చెప్పాడు. ఖాళీ ఇంటి తలుపు గురించి చెప్పాడు. "ఇది ఈ తోటలో అందరికంటే ఆరోగ్యమైన మనిషి. సోమవారమే విన్నాను. మీరూ వినండి," అని సుత్తి ఎత్తాడు.

"బావా, వద్దు," అన్నాను. ఆయనకి వినపడలేదు.

కొట్టాడు.

ఆ చప్పుడు అందరి కాళ్ళ కిందా పాకింది. టీ కప్పులు పట్టుకున్న చేతులు ఆగిపోయాయి. బావ చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, తృప్తిగా తల ఊపాడు. "విన్నారా? ఎంత గట్టిగా ఉందో," అన్నాడు నవ్వుతూ, కళ్ళు తెరిచి.

ఎవరూ నవ్వలేదు. నలభై రెండు మొహాలు. మాస్టారు భార్య భర్త చెయ్యి పట్టుకుంది. బావ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చాడు, వరుసగా, చెట్లని చూసినట్టే. ఆయన నవ్వు మెల్లగా వెళ్ళిపోయింది. చివరికి నా మొహం దగ్గర ఆగాడు.

"సోమవారం నువ్వేం రాశావ్?"

"గట్టి అని."

పెదాలు చూస్తున్నాడు. ఎన్నాళ్ళుగా మా పెదాలు చూస్తున్నాడో.

"నేనన్నది రాశావు. నువ్వేం విన్నావ్?"

తల అడ్డంగా ఊపాను.

బావ సుత్తి కింద పెట్టాడు. "అందరూ కప్పులు అక్కడే వదిలేసి, ఆ ఎర్ర పొదల దాకా వెనక్కి నడవండి," అన్నాడు, ఏదో ఇంకో చెట్టు చూపించబోతున్నట్టు. "మెల్లగా. ఎవరూ పరుగెత్తొద్దు. నేల అదరకూడదు."

నలభై రెండు మంది చప్పుడు లేకుండా నడిచారు. నేనూ నడిచాను. బావ మాత్రం చెట్టు చుట్టూ అటువైపు వెళ్ళాడు. అక్క లేవబోతోంది, కోటు బెంచీకి అంటుకుపోయింది. బావ చెయ్యి అందించి లాగాడు. రంగు సాగింది, ఎక్కడో కుట్టు పిగిలింది. పైన ఒక కొమ్మ కిర్రుమంది, గాలి లేకుండా. ఇద్దరూ చేతులు పట్టుకుని మా వైపు నడిచి వస్తుంటే, వాళ్ళు వేసిన అడుగులు ఇరవై ఏడు. నేను లెక్కపెట్టాను. చెట్టు మాత్రం ఏమీ చేయలేదు. ఊరికే అలా నిలబడి ఉంది. నాకు దాన్ని చూస్తేనే ఎక్కువ భయమేసింది.

అక్క వీపంతా ఆకుపచ్చ చారలు. నా చేతుల కేసి, గోళ్ళలో ఇరుక్కున్న రంగు కేసి చూసింది.

"ఒక మాట సరిపోయేదానికి ఒక డబ్బా పోశావురా," అంది.

బావ వెనక్కి తిరిగి ఒంటరిగా చెట్టు దాకా వెళ్ళి, అరచేత్తో చుక్క తుడిచి, అడ్డగీతలు గీసి వచ్చాడు. అటునుంచి అటే మేడమ్ గదికి వెళ్ళాడు. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

"నా చెవులు పోయాయి మేడమ్," అన్నాడు. "మూడు చలికాలాలై ఉంటుంది. తెలిసీ చెప్పలేదు. వినపడనప్పుడల్లా చెట్టు గట్టిగా ఉందనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది."

ఆమె కాగితం తీసుకుని ఏదో రాసి ఆయన ముందు పెట్టింది. బయటికి వచ్చాక బావ నాకు చూపించాడు. 'తోట మూసేస్తున్నాను. మూడేళ్ళుగా గట్టి అని రాసిన చెట్లన్నీ మళ్ళీ చూడాలి. మీరు తప్ప ఆ పని తెలిసినవాళ్ళు నాకు లేరు.'

తొమ్మిదో రోజు గొడుగు చెట్టు కొట్టేశారు. రంపం జానెడు కూడా దిగకుండానే అవతల ఏమీ లేక ఊగిపోయింది. పైనుంచి కింది దాకా నాలుగు వేళ్ళ మందాన పెంకు, అంతే. బావ ఆ మోడు లోపల నిలబడి చూశాడు. భుజాల దాకా మునిగిపోయాడు. చేతులు చాపితే అటూ ఇటూ తగల్లేదు.

"దీని కింద మీ అక్కని పదేళ్ళు కూర్చోబెట్టాను," అన్నాడు.

ఇప్పుడు పద్ధతి మారింది. తోట నియమం మా ఇద్దరి కోసం తిరగబడింది. సుత్తి నా చేతిలో ఉంది. నేను కొడతాను. బావ బెరడు మీద అరచెయ్యి ఆనించి, చెట్టుని చూడడు, నా మొహం చూస్తాడు. నేను నోరు విప్పకూడదు. అరచేతికి తెలిసింది, నా మొహంలో కనిపించింది కలిపి ఆయనే మాట చెబుతాడు, ఆయనే రాసుకుంటాడు. "నీ నోటిని నమ్మలేను, ఒకసారి చూశాగా. మొహం అబద్ధం చెప్పలేదు, దానికంత బుర్ర లేదు," అన్నాడు. తిట్టినా హాయిగానే ఉంది. కానీ ఆ కళ్ళు నా మీద ఉన్నప్పుడు మింగిన గుటక కూడా దాచుకోలేను.

ఇప్పటికి అరవై నాలుగు చెట్లయ్యాయి. నా చక్కటి చేతిరాతలో గట్టి అని ఉన్నవాటిలో పదకొండు డొల్ల. తెల్ల బెరడు చెట్టు అందులో ఒకటి. నాకు వెచ్చగా తగిలిన వైపే, సరిగ్గా నా చెంప ఎత్తునే పుచ్చింది. తోట నిశ్శబ్దంగా ఉంది. పసుపు పూల పొద మంచులో ఎప్పట్లాగే పూసింది, చూసేవాళ్ళు లేరు. ఇప్పుడు నేను చెట్టుని చూసి ఆనందించడం లేదని కాదు. కాకపోతే ముందు కాండం కేసి కాక కింద ఎవరున్నారో అటు చూస్తున్నాను.

తోట మూయగలిగాం గానీ రోడ్డు మూయలేకపోయాం. కంచె పక్కన పద్దెనిమిది చెట్లు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. పద్దెనిమిదికి పద్దెనిమిదీ గట్టి అని రాసినవే, వరుసలో ఇంకా వాటి దాకా రాలేదు. నిన్న సాయంత్రం వార్తల్లో పొద్దుటికి పెద్ద గాలి వస్తుందని చెప్పారు. అక్క ఆ సంగతి కాగితం మీద రాసి బావ కంచం పక్కన పెట్టింది. ఆయన సగం తిని లేచాడు.

తెల్లవారుతుండగా అక్కడికి వెళ్ళాం. గాలి అప్పటికే మొదలైంది. పై కొమ్మలు ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. మొదటి చెట్టు బస్ స్టాప్ పక్కనే ఉంది. రేకు కప్పు కింద పనికి పోయే జనం పన్నెండు మంది, మఫ్లర్లు చుట్టుకుని, మా వంక వింతగా చూస్తున్నారు. ఇద్దరు నడివయసు మగాళ్ళు, ఒకడు చెట్టు మీద చెయ్యి వేసి, ఇంకోడు సుత్తి పట్టుకుని. ఇంకో రోజైతే సిగ్గుతో చచ్చిపోయేవాడిని.

"కొట్టు," అన్నాడు బావ.

మోకాలి ఎత్తున కొట్టాను.

నా మొహంలో ఏం కనబడిందో నాకు తెలియదు. బావ రెండోసారి కొట్టమనలేదు. పుస్తకం కింద పడేసి, బస్ స్టాప్ వైపు తిరిగి, దూరంగా జరగమని రెండు చేతులూ పైకెత్తాడు.